నేర్పిన భయమే దోచుకుంటోంది

'అంత చదువుకున్నవారు, ఎలా నమ్మారండీ?' పోలీసులమంటూ వీడియో కాల్‌లో బెదిరించి, ఫోను ముందే బందీని చేసి డబ్బు గుంజే 'డిజిటల్ అరెస్టు' పేరిట జీవితకాలపు పొదుపు పోగొట్టుకుని ఠాణా మెట్లెక్కిన పెద్దాయనకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఇంట్లో కొడుకూ కోడలూ అడిగేదీ ఇదే. నమ్మడమే ఆయన నేరం, దోచినవాడి సంగతి తరువాత!

వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి.ఓస్వాల్ అంతటి వ్యాపారవేత్తే 2024లో వీడియో కాల్‌లో నడిచిన దొంగ సుప్రీంకోర్టు విచారణను నమ్మి 7 కోట్లు పంపేశారు. అంబాలా వృద్ధ దంపతులు కోర్టు ఉత్తర్వుల నకిలీ ప్రతులు చూసి కోటికి పైగా సమర్పించుకున్నారు. ఆ ఉదంతంతోనే 2025 అక్టోబరులో సర్వోన్నత న్యాయస్థానం తనంత తానుగా విచారణ చేపట్టి, డిసెంబరు 1న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. బియ్యపు గింజల్ని లాగే మహిమ ఉందంటూ అంటగట్టే రైస్ పుల్లర్ చెంబు ఇంట్లో ఉంటే కోట్లు కురుస్తాయనుకున్నవాడిని ముంచింది ఆశ. వీరిని ముంచింది భయం. ఆ భయం నేర్పిందెవరు?

డిజిటల్ అరెస్టు అన్నది చట్టంలోనే లేదని ప్రధాని 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో చెప్పారు. కాలర్ ట్యూన్లు మోగాయి, సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ప్రచారం సాగింది. జనం జాగ్రత్తపడాలన్న మాటను మేమూ కాదనం. కానీ వాట్సప్‌లో నోటీసులు పంపొద్దని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది సైబర్ దొంగలకు కాదు, అసలు పోలీసులకు! ఆ ఆదేశాన్ని సడలించమని కోరి హరియాణా ప్రభుత్వం జులైలో భంగపడింది కూడా. అసలు ఖాకీయే వాట్సప్‌లో పిలుస్తుంటే నకిలీ ఖాకీని సామాన్యుడు ఎలా పోల్చుకోవాలి? కారణం చెప్పకుండా పిలిపించడం, ఫోన్ లాక్కుని గంటల తరబడి కూర్చోబెట్టడం, నోరెత్తితే కేసేనని గద్దించడం ఠాణాల్లో కొత్తేమీ కాదు. అసలు అలా ఉంది గనుకే నకిలీ అచ్చుగుద్దినట్లు నప్పుతోంది.

ఇక బ్యాంకులు. డెబ్బై ఏళ్ల మనిషి కాల్ తెగని ఫోనును జేబులో పెట్టుకుని, గడువు తీరని ఎఫ్‌డీలన్నీ ఒక్కసారే రద్దు చేయమంటాడు. ఫారం మీద సంతకం వంకర పోతుంటుంది. ఎందుకని అడిగితే, స్థలం కొంటున్నానని అవతలివాడు నేర్పిన మాటే అప్పజెబుతాడు. ఆర్‌టీజీఎస్‌లో సొమ్ము వెళ్లిపోతుంది. హైదరాబాద్‌లోనే ఒక శాఖ సిబ్బంది అనుమానించి, ఆరా తీసి డబ్బు కదలకుండా ఆపారు. మిగతావారికేం అడ్డొచ్చింది? కేవైసీ కాగితాల కోసం పింఛనుదారును పదిసార్లు తిప్పే బ్యాంకులు, ఆ సొమ్ము చేరే, దొంగలు పరాయి పేర్లతో వాడుకునే అద్దె ఖాతాలను ఏ కేవైసీతో తెరిచాయి?

డిజిటల్ అరెస్టు, తత్సంబంధ మోసాల్లో 2024లో పోయింది 1,935 కోట్లని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. ఇదంతా అమాయకత్వం ఖాతాలో రాసేస్తే అందరికీ హాయే. ఎవరి కుర్చీ కదలదు. 'ఎలా నమ్మారండీ' అని బాధితుణ్ని నిలదీసే అధికారి ముందుగా తన ఫోన్ తెరిచి, తాను వాట్సప్‌లో పంపిన నోటీసులెన్నో లెక్కపెట్టుకోవాలి.