ఉప్పుటేరుకు వాలు అంగుళాల్లోనే

కొల్లేరు నీరు సముద్రానికి చేరే సహజమైన దారి ఒక్కటే, ఉప్పుటేరు. పొడవు సుమారు 60 కిలోమీటర్లు. ఉమ్మడి కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల నడుమ మెలికలు తిరిగి బంగాళాఖాతంలో కలుస్తుంది. మైలవరం వైపు కొండల నుంచి బుడమేరు, ఖమ్మం అడవుల నుంచి చింతలపూడి, ఏలూరుల మీదుగా తమ్మిలేరు, ఇంకా రామిలేరు, గుండేరు కొల్లేరుకు వస్తాయి. కృష్ణా, గోదావరి డెల్టాల డ్రెయిన్లూ అక్కడికే. పటంలో ఇవి సరస్సులో ఆగిపోయినట్టు కనిపిస్తాయి గానీ, నా దృష్టిలో ఇవన్నీ ఉప్పుటేరు ఉపనదులే.

1999లో ప్రకటించిన కొల్లేరు అభయారణ్యానికి హద్దు సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తున ఉన్న కాంటూరు, అంటే ఆ ఎత్తులోని చోట్లన్నిటినీ కలిపే గీత. సరస్సు అంతవరకు నిండినప్పుడు ఉప్పుటేరుకు దొరికే వాలు కిలోమీటరుకు ఒక్క అంగుళం. ఆ కాస్త వాలు మీద సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది. పోటు వేళ ఏరు వెనక్కి తంతుంది, పాటు వేళే నీరు లాగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో వాయుగుండం కూడా తోడైతే లంక గ్రామాల చుట్టూ నీరు రోజుల తరబడి కదలదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు చర్చంతా గండ్లు, ఆక్రమణల చుట్టూ తిరిగింది. అది న్యాయమే. అయితే పైన కాలువలు వెడల్పు చేసి నీటిని త్వరగా దించితే, దాన్ని మోయవలసింది కింది ఏరే కదా!

పూడిక తీయాలి, గుర్రపుడెక్క తొలగించాలి. కానీ లోతు పెరిగిన ఏరు వరదకే కాదు, పోటుకూ దారిస్తుంది. వేసవిలో సరస్సు మట్టం తగ్గినప్పుడు ఉప్పునీరు మరింత పైకి ఎక్కుతుంది. మంచినీటి చేపకూ వరికీ అది చేటు. అందుకే ఏటికి అడ్డంగా రెగ్యులేటర్లు, అంటే తలుపులున్న కట్టడాలు కావాలన్న వాదనలో బలముంది. అయితే తలుపులు అదే పనిగా మూసి ఉంచితే దిగువన పాటు జోరు తగ్గి, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర ఇసుక మేట వేస్తుంది, సముద్రం నుంచి ఎక్కివచ్చే చేపలకూ రొయ్యలకూ దారి మూసుకుపోతుంది. వాటిని నడపవలసింది కాలువల షెడ్యూలుతో కాదు, పోటుపాట్ల వేళలతో. బుడమేరుకు ఎంత వెడల్పు కావాలో తేల్చే ముందు, పోటు వేళ మొగ దగ్గర ఉప్పుటేరు ఎంత నీరు వదలగలదో కొలవాలి.