దయచేసి ఆ వైరును బాగు చేయకండి

బెంగళూరులో పది గంటల మీటింగు పది గంటలకు మొదలుకాదు. ఇందుకు సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌ను తిట్టడం మనకు అలవాటైపోయింది. అది అన్యాయం. సిల్క్ బోర్డు దాటి, లిఫ్టు ఎక్కి, అందరూ గదిలో కుదురుగా కూర్చున్నాక కూడా మరో పన్నెండు నిమిషాలు పడుతుంది. ఆ పన్నెండు నిమిషాలూ లాప్‌టాప్‌కూ గోడమీది తెరకూ మధ్య నడిచే రాయబారానివి. దాన్ని క్షణంలో ముగిసేలా చేయాలని కొందరు ఇంజినీర్లు పట్టుదలగా ఉన్నారు. వారిని తక్షణం ఆపించవలసిందిగా సంబంధిత అధికారులకు ఇందుమూలంగా మనవి చేసుకుంటున్నాను.

వైరు తగిలించగానే బొమ్మ రావాలనుకోవడం మర్యాద తెలియని తొందర. ముందుగా మానిటర్ తన ప్రవర చెప్పుకోవాలి. ఏ కంపెనీ వంశం, ఏ ఏట పుట్టింది, ఎన్ని చుక్కల వెడల్పు, ఎన్ని చుక్కల ఎత్తు, అన్నీ. దీని పేరు ఈడీఐడీ, 1994 నుంచి ఉన్న ఆచారం. మూల ప్రవర మొత్తం 128 బైట్లు. మేళం మోతలో పురోహితుడి మాట కలిసిపోయినట్లు, ఈ 128 బైట్లు కూడా ఒక్కోసారి నాసిరకం వైరులోనో, మధ్యవర్తిగా వచ్చిన అడాప్టరులోనో పోతాయి. గోత్రం తెలియని సంబంధం గనుక లాప్‌టాప్ అతి జాగ్రత్తగా 1024, 768 చుక్కల దగ్గర ఆగుతుంది. లేదా అసలు ముఖమే చూపించదు.

ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒక్కోదానిది ఒక్కో సంప్రదాయం. విండోస్ మీటతో పాటు పి నొక్కితే బొమ్మ ఏ తెరమీద రావాలో ఎంచుకోమని నాలుగు దారులు కనిపిస్తాయి. అందరి కళ్లముందూ ఏది నొక్కకూడదో వేలు దాని మీదికే పోతుంది. 2020లో వచ్చిన యాపిల్ వారి ఎం1 చిప్పు మ్యాక్‌బుక్‌లది ఏకపత్నీవ్రతం. బయటి తెర ఒక్కటే, రెండోదాన్ని కన్నెత్తి చూడవు. ఇక లినక్స్ మిత్రులకు తెర రాకపోతే దిగులుండదు, పైగా ముఖం వెలుగుతుంది. నల్లని కిటికీ తెరిచి, తెరలను సర్దే ఎక్స్‌ర్యాండర్ అనే ఆజ్ఞను టైపు చేయడం మొదలుపెడతారు, మనం కాఫీకి వెళ్లి రావచ్చు. పాపం వాళ్ల కష్టం వేరు. రామానుజులు గోపురం ఎక్కి మంత్రాన్ని అందరికీ వినిపించినట్లు, చిప్పులు చేసే ఏఎమ్‌డీ వారు, తెరకు బొమ్మ పంపే హెచ్‌డీఎమ్‌ఐ 2.1 పద్ధతిని ఎవరైనా చదువుకోగల ఓపెన్ సోర్స్ డ్రైవర్‌లో పెట్టబోతే, కుదరదని ఆ పద్ధతి యజమాని హెచ్‌డీఎమ్‌ఐ ఫోరం అడ్డుకున్న సంగతి 2024లో బయటపడింది.

తెరకు తగిలించే వైర్లలో 1987 నాటి వీజీఏకు 15 సూదులు, రెండు మరలు. బిగిస్తే బిగిసేది. 2014లో వచ్చిన యూఎస్‌బీ-సీకి 24 సూదులున్నా ముఖం చూసి గుణం చెప్పలేం. ఒకే రకం రంధ్రం ఒక లాప్‌టాప్‌లో బొమ్మ పంపుతుంది, మరోదానిలో చార్జింగ్ మాత్రమే చేస్తుంది. వైర్లదీ అదే తీరు. ఎలక్ట్రానిక్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డులో కొన్నది పనిచేయలేదని నేను నిట్టూరుస్తుంటే, టీ తెచ్చిన కుప్పం కుర్రవాడు, "తిప్పి పెట్టండి సార్" అన్నాడు. ఎటు పెట్టినా ఒకటే కావడమే దీని గొప్పతనమని అతనికి ఓపికగా వివరించాను. అంతా విని తనే తిప్పి పెట్టాడు. తెర వెలిగింది.

అసలు విషయానికి వస్తాను. ఈ నగరంలో మనుషులు పక్కవారి ముఖం చూసి మాట్లాడుకునేది ఆ పన్నెండు నిమిషాలే. మారతహళ్లిలో ఏ పీజీ హాస్టల్లో పప్పు పప్పులా ఉంటుందో, ఇంటి అడ్వాన్సులో రంగుల ఖర్చు కింద ఎంత కోశారో, సంక్రాంతికి బస్సు టికెట్టు ఎవరికి దొరికిందో నాకు అక్కడే తెలిసింది. మూడేళ్లుగా ఎదురుగా కూర్చునే ఆయనది మా పక్క ఊరని తెలిసిందీ అక్కడే. పైగా పెద్ద అధికారి మోకాళ్ల మీద బల్ల కిందికి దూరి, "ఇప్పుడు వచ్చిందా?" అని దీనంగా అడగడం, మేమంతా ఒక్క గొంతుతో "రాలేదండీ" అనడం! జీతాల పెంపు రోజున కూడా ఇంత ఐకమత్యం చూడలేదు.

పోయిన నెల ఒకసారి ఘోరం జరిగింది. తగిలించీ తగిలించగానే తెర వెలిగింది. రంగులు సరిగ్గా ఉన్నాయి, అంచులు తెగలేదు. గడియారంలో పది గంటల ఒక నిమిషం. మొదటి స్లయిడ్ మీద నా పేరుంది, చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. గదిలో ఎవరి దగ్గరా ఏమీ లేదని ముఖాలే చెబుతున్నాయి. పెద్దాయన అందరినీ ఒకసారి కలయజూశారు. ఆ తరువాత నెమ్మదిగా చెయ్యి చాచి వైరు పీకేశారు.

"రావడం లేదేమిటండీ?" అన్నారు బల్ల కిందికి వంగుతూ.

"రాలేదండీ" అన్నాం మేము.