పిలవని పేరంటం

న్యూజిలాండ్‌లో ఆల్ బ్లాక్స్ రగ్బీ మ్యాచ్ ఉందంటే నెలల ముందే దేశమంతా తేదీ చెప్పుకుంటుంది. అదే దేశపు ఫుట్‌బాల్ జట్టు ఆల్ వైట్స్ సొంతగడ్డపై దిగితే మాత్రం, ఆట ఉన్నట్టు ఊళ్లో సగం మందికి తెలియదు. గ్యాలరీలు బోసిపోయిన ప్రతిసారీ ‘మాది రగ్బీ దేశం’ అని సరిపెట్టుకుంటున్నారు. ఆ మాటను మేం ఒప్పుకోం.

2009లో బహ్రెయిన్‌తో ప్రపంచకప్ అర్హత పోరు తొలి అంచె అక్టోబరు 10న గోల్ లేకుండా ముగిసింది. మలి అంచె నవంబరు 14న వెల్లింగ్టన్‌లో. మధ్యలో దొరికిన ఐదు వారాలూ ప్రచారానికి పనికొచ్చాయి. 35 వేల మందికి పైగా వచ్చి రోరీ ఫాలన్ తలతో కొట్టిన గోల్‌నూ, గోల్‌కీపర్ మార్క్ పాస్టన్ పెనాల్టీని ఆపడాన్నీ కళ్లారా చూశారు. 2023 మహిళల ప్రపంచకప్ తొలి మ్యాచ్‌కు ఆక్లండ్‌లోని ఈడెన్ పార్క్‌లో 42,137 మంది కూర్చున్నారు. 2024 అక్టోబరులో ఆక్లండ్ ఎఫ్‌సీ మొట్టమొదటి లీగ్ మ్యాచ్‌కు మౌంట్ స్మార్ట్ స్టేడియం నిండింది. వీళ్లంతా రగ్బీ దేశం వాళ్లు కారా?

చిక్కు ఎక్కడుందంటే, ప్రత్యర్థి ఖరారయ్యే దాకా ప్రచారం మొదలే కాదు. ఆల్ వైట్స్ ఆటగాళ్లలో చాలామంది విదేశీ క్లబ్బుల్లో ఉంటారు, ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా జాతీయ జట్ల మ్యాచ్‌లకు కేటాయించిన రోజుల్లోనే ఇంటికి వస్తారు. ఆ రోజులు మాత్రం చాలా ముందుగానే ఖరారవుతాయి. ప్రత్యర్థి పేరు లేకపోయినా తేదీని అమ్మవచ్చు, స్టార్ ఫార్వర్డ్ క్రిస్ వుడ్ వస్తున్నాడని చెప్పవచ్చు. మైదానాన్ని కూడా అప్పుడే పట్టుకోవాలి. ఆలస్యమైతే రగ్బీ వాళ్లు వదిలేసిన రోజే మిగులుతుంది.

వేళ విషయంలోనూ ఇదే అజాగ్రత్త. చలికాలం శనివారాల్లో పొద్దున పిల్లల క్లబ్ మ్యాచ్‌లు, మధ్యాహ్నం పెద్దవాళ్లవి. సరిగ్గా ఆ వేళకే అంతర్జాతీయ మ్యాచ్ పెడితే, టికెట్ కొనాల్సిన వాళ్లే బురదలో ఆడుతూ ఉంటారు. రాత్రి ఎనిమిదికి పెడితే, అక్కడ చలికాలమైన జూన్‌లో పిల్లలను ఎవరు తీసుకొస్తారు? వీలున్నప్పుడల్లా ఆదివారం మధ్యాహ్నమే మేలు.

క్లబ్బులో పేరు నమోదు చేసుకున్న పిల్లాడి తల్లిదండ్రుల చిరునామా క్లబ్బు దగ్గరే ఉంటుంది. అంతకన్నా మంచి ప్రచార జాబితా డబ్బు పెట్టినా దొరకదు. ఆరు వారాల ముందు ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలకు కలిపి ఒకే ధరతో టికెట్ పంపాలి. చివరి వారంలో రైలు, గేటు, వాన వస్తే ఎక్కడ కూర్చోవాలి అన్న వివరాలు చాలు. ఆటగాళ్ల చెయ్యి పట్టుకుని మైదానంలోకి నడిచే 22 మంది పిల్లలను 22 క్లబ్బుల నుంచి తీసుకోవాలి. ఒక్కో పిల్లాడి వెనక అమ్మానాన్న, తాతయ్య, తోటి జట్టు మొత్తం కదిలివస్తుంది.

ఉచిత టికెట్లను మాత్రం నమ్ముకోవద్దు. 2023 మహిళల ప్రపంచకప్‌కు న్యూజిలాండ్ నగరాల్లో 20 వేల టికెట్లు ఉచితంగా పంచారు. ఊరికే వచ్చిన టికెట్‌ను నాలుగు చినుకులు పడగానే జనం మరిచిపోతారు. ఐదు డాలర్లు పెట్టి కొన్నవాళ్లు గొడుగు తీసుకుని వస్తారు. వెల్లింగ్టన్ స్టేడియం క్రికెట్ కోసం కూడా గుండ్రంగా కట్టింది, సీట్లు 34 వేలకు పైనే. అందులో 8 వేల మందిని చెదరగొట్టి కూర్చోబెడితే శ్మశాన నిశ్శబ్దమే. టీవీ కెమెరాకు ఎదురుగా ఉన్న స్టాండు ముందు నింపి, అది నిండాకే పక్కది తెరవాలి. తెరమీద ఖాళీ కుర్చీలు చూసినవాడు తర్వాతి మ్యాచ్‌కు టికెట్ కొనడు.

మన దేశంలోనూ ఇది చూశాం. 2018 జూన్‌లో ముంబయిలో చైనీస్ తైపీతో భారత్ మ్యాచ్‌కు వచ్చింది 2,569 మంది. స్టేడియానికి రండని కెప్టెన్ సునీల్ ఛెత్రీ ఒక్క వీడియోలో బతిమాలాడు. కెన్యాతో తర్వాతి మ్యాచ్‌కు టికెట్లన్నీ అయిపోయాయి, జోరువానలోనూ జనం కదల్లేదు.

ఈడెన్ పార్క్‌కు నడిచివెళ్లే దూరంలోనే శాండ్రింగ్‌హామ్ రోడ్డుంది. అక్కడ వరసగా భారతీయ కిరాణా దుకాణాలు, హోటళ్లు, మిఠాయి కొట్లు. ఆక్లండ్‌లో పుట్టిన సర్‌ప్రీత్ సింగ్ బాయెర్న్ మ్యూనిక్ తరఫున జర్మనీ లీగ్‌లో ఆడాడు, ఆల్ వైట్స్ చొక్కా వేసుకున్నాడు. ఆ కొట్ల అద్దాల మీద అతని బొమ్మతో పోస్టరు పడాలి. జట్ల పేర్లకన్నా తేదీ, ఆట మొదలయ్యే వేళ, పిల్లల టికెట్ ధర పెద్ద అక్షరాల్లో ఉండాలి, కౌంటర్ దగ్గర బియ్యం బస్తా తూకం వేయించుకునే మనిషికి కూడా కనిపించేంత పెద్దగా.