ఫైనల్స్ అయ్యాక కాదు, ఇప్పుడే కొండకు

"ఫైనల్స్ అయ్యాక చూద్దాం అక్కా." అమెరికాలో అరిజోనా రాష్ట్రంలోని టెంపీలో చదువుకునే మన తెలుగు పిల్లల్ని శనివారం కొండకు రమ్మంటే ఎక్కువగా వినిపించే మాట ఇది. వేరే ఊళ్లలో సరేగానీ ఇక్కడ ఆ లెక్క కుదరదు. అరిజోనాలో ఆరుబయట తిరగడానికి అనువైన కాలం అక్టోబరు చివర్లో మొదలై ఏప్రిల్‌తో సరి. ప్రాజెక్టులు, మిడ్‌టర్మ్‌లు మెడ మీద కూర్చునే నెలలూ అవే. మేలో పరీక్షలు ముగించుకుని ఊపిరి పీల్చుకునేసరికి ఎండలు ముదిరిపోతాయి. 2023 వేసవిలో టెంపీ పక్కనే ఉన్న ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 ఫారన్‌హీట్, అంటే మన లెక్కలో 43 డిగ్రీల కిందికి దిగలేదు. ఎండ మరీ తీవ్రమైన రోజుల్లో కామెల్‌బ్యాక్ కొండ దారుల్ని నగర అధికారులే పగటిపూట మూసేస్తారు. సెమిస్టర్ మధ్యలో వీలు చేసుకోకపోతే రెండేళ్ల మాస్టర్స్ గదిలోనే గడిచిపోతుంది.

"వాళ్లకు టైమెక్కడిది?" అని పెద్దలు అడుగుతారు. నిజమే. తొమ్మిది క్రెడిట్ల చదువు, కాంపస్‌లో వారానికి 20 గంటల పని, ఇంటర్న్‌షిప్ కోసం వేట, వీటన్నిటి వెనక ఇంటి దగ్గర తీసుకున్న లోన్ టెన్షన్. వీళ్లకు తీరిక లేదన్న సంగతి నాకు తెలుసు. ఉన్న కాస్త తీరికనూ కూడబెట్టి ఏడాదికి ఒకే ఒక్క పెద్ద ట్రిప్పుకు ధారపోయడమే నాకు నచ్చదు. థాంక్స్ గివింగ్‌కి కారు అద్దెకు తీసుకుని, రాత్రంతా నడిపి గ్రాండ్ కాన్యన్, అటు నుంచి అటే లాస్ వేగస్, సోమవారం క్లాసులో కునికిపాట్లు. గ్రాండ్ కాన్యన్ చూడాల్సిందే, కాదనను. కానీ వారం వారం అలసిపోయే బుర్రకు ఏడాదికి ఒక్కసారి తిరిగొస్తే ఏం సరిపోతుంది? పైగా నిద్రలేని కళ్లతో కొత్త డ్రైవర్లు హైవే ఎక్కుతున్నారంటే నాకు చాలా భయం.

దగ్గర్లో ఏముందో చూడండి. కాంపస్ అంచున, ఫుట్‌బాల్ స్టేడియం పక్కనే 'ఎ' మౌంటెన్ ఉంది. రెండు క్లాసుల మధ్య ఖాళీలో ఎక్కి దిగొచ్చు. పైన నిలబడితే ఒకవైపు టెంపీ టౌన్ లేక్, కింద లైట్ రైలు, పక్కగా ఫీనిక్స్ విమానాశ్రయం స్కై హార్బర్‌లో దిగే విమానాలు. అక్కడి బండల మీద ఈ నేల మీద పూర్వం బతికిన హోహోకమ్ ప్రజలు వందల ఏళ్ల కిందట చెక్కిన బొమ్మలున్నాయి. వాటి పక్కనుంచే నడిచి, ఒక్కసారి కూడా ఆగి చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది.

సైకిలుంటే పపాగో పార్కు ఎంతో దూరం కాదు. ఇంకాస్త తీరిక ఉంటే సౌత్ మౌంటెన్ పార్కు, 16 వేల ఎకరాలకు పైమాటే. 2025 జూన్‌లో లైట్ రైలు బేస్‌లైన్ రోడ్డు దాకా వచ్చింది కాబట్టి ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో రైలు మారి అక్కడ దిగి, మిగతా కాస్త దూరం నలుగురూ కలిసి క్యాబ్‌లో వెళ్లొచ్చు. జేబులో ఒక దువ్వెన పెట్టుకోండి. చోయా అనే కాక్టస్ ముళ్ల ఉండలు అలా తగిలితే చాలు, ప్యాంటుకు పట్టేస్తాయి. చేత్తో లాగితే వేళ్లలో దిగుతాయి, దువ్వెన పళ్లతో ఎగరగొడితే ఊడిపోతాయి. అన్నట్టు, మన చేల గట్ల మీద కనిపించే నాగజెముడు పుట్టిల్లు కూడా ఈ అమెరికా ఖండాలే. దాని చుట్టాలు ఇక్కడ అడుగడుగునా పలకరిస్తాయి.

ఇంగ్లండులో దాదాపు 20 వేలమందిని పరిశీలించి 2019లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, వారానికి రెండు గంటలైనా ప్రకృతిలో గడిపేవాళ్లు తాము ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని ఎక్కువగా చెప్పారు. ఆ రెండు గంటలూ ఒకేసారి కానక్కర్లేదట, ముక్కలుగా గడిపినా సరే. ఆదివారం పొద్దున ఒక గంట, మధ్యలో రెండు అరగంటలు. రీల్స్ చూసే సమయంలోంచి తీసినా సరిపోతుంది.

నీళ్ల విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. వేసవి వేడికి తట్టుకోలేక జలపాతాలకూ చెరువులకూ వెళ్లి, ఈత రాకుండానే దిగేవాళ్లున్నారు. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ దగ్గర నీళ్లలో పడి చనిపోయిన ఇద్దరూ మన తెలుగు విద్యార్థులే. కాంపస్ ఫిట్‌నెస్ సెంటర్లో ఈత కొలనుంది. చలికాలంలో అక్కడ ఈత నేర్చుకోండి. అప్పటిదాకా ఒడ్డునే ఉండండి, ఫొటో కోసం తడి బండల మీదికి వెళ్లకండి.

ఇక్కడి మన తెలుగు సంఘానికి కూడా ఒక మాట. ఏటా కార్తీక వనభోజనాలు చేస్తూనే ఉన్నాం. కార్తీకం ఇక్కడ ఎండలు తగ్గే వేళకే వస్తుంది. ఈసారి ఆ భోజనాలకు ముందు ఒక గంట నడక పెడదాం, అక్కడి నుంచి ఏప్రిల్ దాకా నెలకు రెండు శనివారాలు కొనసాగిద్దాం. ఉదయం ఏడింటికి బయల్దేరితే పదింటికల్లా పిల్లలు తిరిగి లైబ్రరీలో ఉంటారు. ఖర్చేమీ లేదు, కావాల్సింది కార్లే. విద్యార్థులుండే అపార్ట్‌మెంట్ల దగ్గర ఎక్కించుకుని మళ్లీ అక్కడే దింపగలిగిన కుటుంబాలు కార్యవర్గానికి పేర్లివ్వండి. మా కారులో నలుగురికి చోటుంది.