శాలువాలు చాలు, జీతాలివ్వండి

మన సభల్లో కళాకారుడికి దక్కేవి మూడే: ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక ఫొటో. వెనక కట్టిన ఫ్లెక్సీలో సగం దాత బొమ్మకే పోతుంది. ఇంటికెళ్లాక పెట్టెలో పాత శాలువాల మీద కొత్తది చేరుతుంది. బియ్యం డబ్బా మాత్రం పొద్దున చూసినట్టే ఉంటుంది.

1919లో విజయనగరంలో విజయరామ గజపతిరాజు శాలువాతో సరిపెట్టలేదు. సంగీత కళాశాల పెట్టి హరికథా విద్వాంసుడు ఆదిభట్ల నారాయణదాసుకు అప్పగించారు. ద్వారం వెంకటస్వామినాయుడు అక్కడే ఫిడేలు పాఠాలు చెప్పారు. ఆ కళాశాల నేటికీ నడుస్తోంది.

రాజులు పోయారు, కంపెనీలు వచ్చాయి. వాటి సంగతికి ముందు ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటను చూడాలి. అక్కడ మేకతోలును వెలుగు దూరేంత పలచగా గీకి, సన్నని చిల్లులు పొడిచి, రంగులద్ది తోలుబొమ్మలాటకు బొమ్మలు చేస్తారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు అదే పనితనం ల్యాంపు షేడ్లకూ గోడ అలంకరణలకూ మళ్లింది. తప్పు పట్టలేం, కూడు పెడుతున్నవి అవే. అయితే ల్యాంపు షేడుకు పాట అక్కర్లేదు, మద్దెల అక్కర్లేదు, తెర వెనక రావణుడి గొంతు అక్కర్లేదు. తోలు మిగిలి ఆట పోతోంది.

2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు వెచ్చించాలి. ఆ సొమ్ము ఖర్చు పెట్టదగ్గ పనుల జాబితాలో సంప్రదాయ కళలూ ఉన్నాయి. సరుకు ప్రచారం కోసం చేసే స్పాన్సర్‌షిప్ మాత్రం ఈ లెక్కలోకి రాదు. ఫ్లెక్సీ దాతలు ఈ నిబంధన ఒకసారి చదువుకోవాలి. ఒక బృందానికి మూడేళ్లపాటు నెల జీతం, పాట నేర్చుకునే ఇద్దరు పిల్లలకు ఉపకార వేతనం ఇవ్వడం ఏ పెద్ద కంపెనీకీ భారం కాదు.

చిక్కు మరోచోట ఉంది. సంస్థ ద్వారా ఈ సొమ్ము అందాలంటే దానికి ట్రస్టుగానో సొసైటీగానో నమోదు, పన్ను మినహాయింపు పత్రాలు, కంపెనీల శాఖ ఇచ్చే నంబరు ఉండాలి. తరతరాలుగా కుటుంబమే బృందంగా ఆడినవారు ఆడిటర్‌ను ఎక్కడ వెతుక్కుంటారు? మామూలు దాతకూ ఉత్సాహం తగ్గింది: కొత్త పన్ను విధానంలో విరాళాలకు పన్ను మినహాయింపు లేదు. దాన్ని కేంద్రం పునరుద్ధరించాలి. రాష్ట్రాలు అంతదాకా ఆగనక్కర్లేదు. ఈ కాగితాల పని చేసిపెట్టడానికి సాంస్కృతిక శాఖలు జిల్లాకొక గుమాస్తాను నియమించాలి. ఆయన జీతాన్ని శాలువాల పద్దులోంచే తీయవచ్చు.