నాలుగు స్క్రూలతో బిగించిన నెక్ కోసం గిటార్ మొత్తం పారేయమంటారా?

"నెక్ మెలి తిరిగిందండీ, ఇక దీని పని అయిపోయింది, కొత్తది కొనుక్కోండి." కిందటేడాది ఒక గిటార్ షాపులో నాకు చెప్పిన మాట ఇది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. నా గిటార్‌ని పట్టుమని రెండు నిమిషాలు కూడా చూడలేదు. బాడీ బాగుంది, తీగల కదలికని పట్టే పికప్పులు బాగున్నాయి, వైరింగ్‌కి ఏ లోటూ లేదు. పాడైంది నెక్ ఒక్కటే, అంటే వేళ్లతో తీగలు నొక్కే ఆ పొడవాటి చెక్క భాగం. అది బాడీకి నాలుగంటే నాలుగు స్క్రూలతో బిగించి ఉంది. నా మొదటి జీతంతో కొన్న గిటార్ అది. చెత్తబుట్టలో వేయమంటే మనసెలా ఒప్పుతుంది?

నెక్ పాడవడంలో తప్పు నాదే, అది ఒప్పుకుంటాను. మేముండేది మిషిగన్‌లో. చలికాలంలో హీటర్ ఆగకుండా నడుస్తుంది, ఇంట్లో గాలి ఎండిపోయి పెదవులు పగిలిపోతాయి. గిటార్‌ని హీటర్ గాలి వచ్చే జాలీ పక్కనే గోడకి ఆనించి నెలల తరబడి వదిలేశాను. చెక్క తేమ పోగొట్టుకుంటే కుంచించుకుపోతుంది, అన్ని వైపులా ఒకేలా కుంచించుకోదు. నట్ (తల దగ్గర తీగలు ఆనే చిన్న పట్టీ) వైపు నుంచి ఒక కన్ను మూసి చూస్తే నెక్ రెండు అంచులూ రెండు దారులు పట్టినట్టు కనిపించాయి.

నెక్ లోపల ఉండే లోహపు కడ్డీ, ట్రస్ రాడ్, దాన్ని తిప్పితే సరిపోదా అని చాలామంది అడిగారు. సరిపోదు. మామూలు సెట్ తీగలు ఆరూ కలిసి 40 కిలోలకు పైగా బలంతో నెక్‌ని లాగుతుంటాయి. ఆ లాగుడుకి నెక్ ముందుకు వంగకుండా కాయడమే ట్రస్ రాడ్ పని. మెలి పడితే అదేం చేయలేదు.

అసలు ఈ నాలుగు స్క్రూలు ఎందుకొచ్చాయో ఆ షాపువాళ్లు ఒక్కసారైనా ఆలోచించారా? ఇలా నెక్‌ని స్క్రూలతో బిగించే ఎలక్ట్రిక్ గిటార్లని జనంలోకి తెచ్చిన లియో ఫెండర్ గిటార్ వాయించడం వచ్చిన మనిషి కాదు. కాలిఫోర్నియాలోని ఫులర్టన్‌లో రేడియోలు బాగుచేసిన మనిషి. పాడైన భాగాన్ని తీసి బాగున్నదాన్ని పెట్టడం ఆయన చేతికి అలవాటైన పని. నెక్‌ని జిగురుతో అతికించకుండా స్క్రూలతో బిగించడంలో నాకు ఆ రిపేరు మనిషే కనిపిస్తాడు. 1950లో ఆయన తెచ్చిన మొదటి ఎస్క్వైర్ మోడల్ గిటార్లలో ట్రస్ రాడ్ లేదు. మేపుల్ గట్టి చెక్క, దానికి రాడ్ అక్కర్లేదనుకున్నాడాయన. నెక్‌లు వంగాయి. ఆ ఏడాది ముగిసేలోపే రాడ్ పెట్టడం మొదలుపెట్టాడు. ఆ డిజైన్ చేసిన ఆయనే తన తప్పు దిద్దుకుని నెక్‌లు మార్చాడు. అలాంటి గిటార్‌ని పట్టుకుని "పని అయిపోయింది" అనడం నాకు అన్యాయంగా తోచింది.

అందుకే నెక్ నేనే చేశాను. ఐదు నెలలు పట్టింది, అదీ శని, ఆదివారాల్లోనే.

హార్డ్ మేపుల్ పలక లంబర్ యార్డులో దొరికింది. పాకం కోసం రసం తీసే షుగర్ మేపుల్ చెట్టే ఇది. చెక్కని తొలిచే రౌటర్ మిషన్ బ్లేడు కాస్త మొద్దుబారిందంటే చాలు, చెక్క నల్లగా మాడుతుంది, బెల్లం పాకం అడుగంటిన వాసన వస్తుంది. ఆ వాసన తగలగానే ఆపేసి బ్లేడు మార్చాలి. పలక కొనేటప్పుడు రంగు చూసి మురిసిపోకండి, కొస చూడండి. ఆ కొసన చెట్టు వయసు చెప్పే ఉంగరాల గీతలు నిలువుగా ఉన్న ముక్క తేమకి తక్కువ వంగుతుంది. నేను ముందు కాస్త లావుగా కోసి మూడు వారాలు ముట్టుకోకుండా వదిలేశాను. ఆ మూడు వారాల్లో అది దాదాపు ఒక మిల్లీమీటరు వంగింది. మళ్లీ చిత్రిక పట్టి చదును చేశాను. తొందరపడి మొదటి రోజే రాడ్ పెట్టి పైన ఫ్రెట్‌బోర్డ్ (వేళ్లు ఆడే పలక) అతికించేసి ఉంటే ఆ వంకర లోపలే ఉండిపోయేది.

నన్ను బాగా ఏడిపించింది ఫ్రెట్ల గాడులు, అంటే వీణ మెట్లలాంటి లోహపు ముక్కలు కూర్చునే గాడులు. లెక్క సులువే. నట్ నుంచి బ్రిడ్జి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దాకా 648 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 36.37, అది మొదటి ఫ్రెట్ దూరం. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది, అలా పోతూ ఉండాలి. నేను చేసిన తప్పేంటంటే ప్రతి గాడినీ దాని ముందు గాడి నుంచి కొలిచి గీత పెట్టాను. ఒక్కో గీతలో వెంట్రుకవాసి తేడా. అన్నీ కలిసి 12వ ఫ్రెట్ 324 దగ్గర ఉండాల్సింది 325న్నర దగ్గరికి వెళ్లింది. స్కేలు పెట్టి చూసుకున్నప్పుడు కాళ్లు చల్లబడ్డాయి. ఫ్రెట్‌బోర్డ్ ఇంకా నెక్‌కి అతికించలేదు కాబట్టి ఆ ఒక్క పలకతో పోయింది. రెండోసారి అన్ని కొలతలూ నట్ దగ్గర్నుంచే తీసుకున్నాను.

ఆ రాత్రి నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. మాది బొబ్బిలి వైపు. గొల్లపల్లిలో పనస దుంగ తొలిచి వీణలు చేయడం నాన్న చిన్నప్పటి నుంచీ చూసినవాడు. "కొలత తప్పితే మెట్టు కాస్త జరుపుకోలేవేంట్రా?" అన్నాడు. వీణకైతే జరపొచ్చు. 24 మెట్లనీ మైనంలో కూర్చి, చెవితో వింటూ సరిచేస్తారు. ఏళ్లు గడిచాక శ్రుతి తేడా వస్తే మేళం మళ్లీ కట్టిస్తారు, అంటే మెట్లని కొత్తగా మైనంలో కూర్పిస్తారు. అంతేగానీ వీణని పారేయమని ఎవరూ చెప్పరు. గిటార్‌లో అలా కుదరదు, రంపం దిగిందంటే గాడి అక్కడే. ఇక మిగిలేది మన కొలతే.

మేపుల్ వల్లే ఆ గిటార్‌కి ఆ సౌండ్ అని గంటలు గంటలు వాదించేవాళ్లున్నారు. నాకు ఆ వాదన మీద ఆసక్తి లేదు. చెక్క ఆరి ఉందా, నిటారుగా ఉందా, గాడులు సరిగ్గా పడ్డాయా అన్నవి ముందు తేల్చుకోవాలి. ఒక్కటి మాత్రం మేపుల్ ప్రత్యేకంగా అడుగుతుంది, పూత. పూత వేయకుండా వదిలేస్తే వేళ్ల చెమటకి నల్లబడిపోతుంది, తేమ కూడా పీల్చుకుంటుంది. నేను పలచగా నూనె పూత ఏడుసార్లు వేశాను. ప్రతిసారీ ఆరనిచ్చి, సన్న ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ వేశాను.

అందరూ చెక్క కోయాలని నేననడం లేదు. రెడీమేడ్ నెక్ కొనుక్కున్నా గిటార్ బతుకుతుంది. కాకపోతే ఆర్డర్ పెట్టే ముందు మీ పాత నెక్ విప్పి కొలవండి. బాడీలో కూర్చునే చోట వెడల్పు చాలావాటికి 56 మిల్లీమీటర్ల దగ్గర్లో, మందం 25 దగ్గర్లో ఉంటుంది. ఆ కొస ఫెండర్ మోడళ్లలో టెలీకాస్టర్ తరహాకి చదరంగా, స్ట్రాటోకాస్టర్ తరహాకి గుండ్రంగా ఉంటుంది. స్కేలు పొడవు, అంటే నట్ నుంచి బ్రిడ్జి దాకా దూరం, కూడా సరిపోవాలి. ఈ కొలతలు అడిగి తెలుసుకునే ఓపిక లేని షాపువాడి మాట నమ్మి గిటార్ వదులుకోకండి.

నా నెక్‌కి మొదటి చలికాలం అయింది. ఈసారి గిటార్ హీటర్‌కి దూరంగా పెట్టెలో ఉంది, పక్కనే తేమ చూసే మీటర్ పెట్టాను. జనవరిలో ఒక రాత్రి తీసి చూస్తే నెక్ కొద్దిగా వెనక్కి వంగింది. ట్రస్ రాడ్ ఒక్క పావు చుట్టు వదులు చేశాను, సరిపోయింది. అంచు వెంబడి పైనుంచి కిందకి బొటనవేలితో రాసి చూశాను. 22 ఫ్రెట్లలో ఒక్కదాని కొస కూడా గుచ్చుకోలేదు.