చుక్క, గీత, గవ్వ

మెక్సికో, మధ్య అమెరికాల్లోని ప్రాచీన మాయా ప్రజల మీద వచ్చిన ఒక వ్యాసంలో, వాళ్ల పిరమిడ్ల ఘనతను గ్రహాంతరవాసులకు కట్టబెట్టిన చివరి పేరా చదివి ఒళ్లు మండింది. పైగా మాయా ప్రజల సున్నాను ఒక్క వాక్యంతో సరిపెట్టారు! ఆ అంకెలు ఎంత తేలికో చూడండి: చుక్క అంటే 1, అడ్డగీత అంటే 5, గవ్వ బొమ్మ అంటే సున్నా. రెండు గీతల మీద మూడు చుక్కలు పెడితే 13. మనం పదుల్లో లెక్కిస్తాం, వాళ్లు ఇరవైల్లో. ఆ గుర్తులతోనే శుక్రుడు ఆకాశంలో మళ్లీ అదే తీరున కనిపించడానికి పట్టే ఆవృత్తం 584 రోజులని, అలాంటివి అయిదైతే 365 రోజుల ఏళ్లు ఎనిమిదని అత్తిచెట్టు బెరడు కాగితం మీద పట్టిక వేసుకున్నారు. అది ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంది. 1562లో మెక్సికోలోని మానీ పట్టణంలో డియేగో దె లాండా అనే స్పెయిన్ క్రైస్తవ సన్యాసి వాళ్ల పుస్తకాలను తగలబెట్టించాడు. మిగిలినవి నాలుగే. ఆ చివరి పేరాలో ఈ మంట గురించి రాసి ఉండాల్సింది.